బాపు అరగదీసిన సేఫ్టీ మీట

మా బాపు చెయ్యిపడితే బాగుపడని వస్తువు లేదని కాలనీలో పేరు. ఓపెన్‌కాస్టు బొగ్గుగని వర్క్‌షాపులో ఫిట్టర్. స్పేరు దొరకలేదని షిఫ్టు ఆగకూడదు, అది వాళ్ళ పద్ధతి. వేరే మిషన్‌ది తెచ్చి, ఆకురాయితో అరగదీసి బిగిస్తారు. టక్కున కూర్చుంటే పని అయిపోయినట్టే. ఇంట్లో కుట్టుమిషన్‌కూ అదే లెక్క.

మా వెనక వీధిలో పెద్దబాపు ఉండేవాడు. చుట్టం కాదు, మా నాన్నకంటే పెద్దవాడని వరుస కలిపాం. ఫౌజు నుంచి వచ్చి, సొంత లైసెన్సు రైఫిల్‌తో బ్యాంకులో గార్డుగా చేరాడు. ట్రిగ్గర్ మీదికి ఊరికే వేలు పోనిచ్చేవాడు కాదు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే చాయ్ గ్లాసు పట్టుకున్నా చూపుడువేలు నిటారుగా చాపే ఉండేది. నేను ఏడిపిస్తే నవ్వేవాడు.

ఒకసారి రైఫిల్ పేలకుండా ఆపే సేఫ్టీ మీట వదులైంది. అసలుది దొరక్క ఎక్కడినుంచో డూప్లికేటు తెప్పిస్తే అది సరిగ్గా కూర్చోలేదు.

"దుకాణంల ఇస్తే నెల పడ్తదట తమ్మీ. అప్పటిదాంక డ్యూటీ ఎట్ల?"

"డంపర్లనే నడిపిస్తున్నం, గిదెంత? ఇటియ్యన్నా" అన్నాడు బాపు.

అరుగు మీద కూర్చుని గంటసేపు అరగదీశాడు. ఖాళీ రైఫిల్ మీదే మీటను అటూఇటూ తిప్పి, చెవి పెట్టి విన్నాడు. టక్, టక్. "సేఫ్, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

మూడు వారాలు బాగానే ఉంది. ఒక పొద్దున బ్యాంకులో మీటను సేఫ్ నుంచి ఇటు తిప్పగానే రైఫిల్ తనంతట తాను పేలింది. తూటా గచ్చుకు తగిలి ఎగిరి పెద్దబాపు పాదంలో దిగింది.

దవాఖానకు బాపు, నేను పరుగెత్తాం. "వేలు పెట్టలే తమ్మీ. మీట తిప్పిన్నంతే" అన్నాడు మాతో, మెల్లగా. బాపు మొహం తెల్లబోయింది. అంతలో పోలీసాయన వచ్చి ఏం జరిగిందని అడిగాడు.

"వేలు జారింది సార్" అన్నాడు పెద్దబాపు.

బాపు నోరు తెరిచి, మూసుకున్నాడు. తన ఉద్యోగం పోతుందని భయం. ఆ నిమిషాన బాపు మీద పుట్టిన కోపం నాకింకా చల్లారలేదు. నేను మాత్రం నోరు విప్పానా?

లైసెన్సు పోయింది, డ్యూటీ పోయింది. పెద్దబాపు బసంత్‌నగర్‌కు మారి, లారీలు ఆగేచోట కర్ర పట్టుకుని కాపలా కాశాడు. వేలు జారిన సిపాయి అని డ్రైవర్లు ఆట పట్టించేవాళ్ళు. ఒకసారి చూడబోతే చాయ్ తాగుతున్నాడు. ఆ వేలు ముడిచి గ్లాసు కింద దాచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

బాపు మాత్రం "వచ్చే ఐతారం పోదాం" అనేవాడు. బస్సెక్కితే గంట కూడా పట్టదు. రిటైరయ్యాక కూడా ఆ ఆదివారం రాలేదు.

నిరుడు పెద్దబాపు పోయాడు. దినం నాడు వాళ్ళ వాకిట్లో నిలబడి బాపు పెద్దమ్మకు చెప్పేశాడు. "అన్న వేలు జారలే వదినా. నేను పెట్టిన మీటనే."

పెద్దమ్మ కళ్ళు తుడుచుకోలేదు. "నాకెరుకే తమ్మీ. నువ్వు గా మాట గాయనకు చెప్తె బాగుండు. ఐతారమొస్తె చాలు, తమ్ముడొస్తడేమో అని నీకు కుర్సీ ఏపిచ్చేటోడు."

ఆ కుర్చీ వాకిట్లోనే ఉంది. బాపు దాన్ని పట్టుకుని, కూర్చోలేక, పక్కనే నేల మీద కూలబడ్డాడు.