కిటికీకి కట్టిన ఎక్స్‌రే

వనపర్తిలో నేను పనిచేసే చిన్న దవాఖానలో కంప్యూటర్లన్నీ నా మెడకే చుట్టుకున్నాయి. ఒక పొద్దున టెక్నీషియన్ పరుగున వచ్చాడు. కొత్త ఎక్స్‌రేలు సేవ్ కావట్లేదు, పాతవి తెరుచుకోవట్లేదు. చూస్తే డిస్క్ నిండిపోయింది. ఏడాదిగా రానివాళ్లవన్నీ తీసెయ్యమని మేనేజర్ గట్టిగానే చెప్పాడు. బయట బెంచీ దాకా వినిపించింది.

నాకు ఒళ్లు మండింది. మా దగ్గర ఏడాదిగా రానివాళ్లంటే ఎవరు? ముంబైకో పుణెకో పనికి పోయినవాళ్లే. ఆ బెంచీ మీద కూర్చున్నామె కూడా అలాంటిదే. లింగాల దిక్కు మనిషి, ముంబైలో బిల్డింగ్ పని. దగ్గుతో వచ్చింది. అప్పుడే తీసిన ఫిల్మ్‌లో ఊపిరితిత్తి మీద మచ్చ ఉంది, పాతదైతే భయం లేదు, కొత్తదైతే హైదరాబాద్ పోవాలి, ఇదివరకు ఇక్కడే తీసిన ఎక్స్‌రే చూడాలని డాక్టరమ్మ అన్నది. ఆ పాత ఫిల్మ్ ఏదని అడిగితే ఆమె తల దించుకుంది.

"ముంబైల మా గుడిసె కిటికీకి రెక్క లేకుండె సార్. వాన కొడ్తుందని గా ఫిల్మే అడ్డం కట్టిన. ఆడనే ఉన్నది."

జర ఆగమని మేనేజర్‌కు చెప్పి కూర్చున్నాను. మాది ఒకటే పెద్ద మిషన్. ఒక చెల్క భూమిని అన్నదమ్ములు పంచుకున్నట్టు, అందులో నాలుగు వర్చువల్ మిషన్లు, వేరువేరు కంప్యూటర్ల లెక్క నడుస్తాయి. ఎక్స్‌రేల వాటా నిండింది గానీ పక్కన ఎవరికీ ఇవ్వని జాగ పడావుగా ఉంది. బయటి డిస్కులోకి బ్యాకప్ తీసి, ఎక్స్‌రేల మిషన్ ఆపి, దాని డిస్క్ పెంచి మళ్లీ నడిపించాను. లోపల చూస్తే పాత సైజే. పక్క చెల్క ముక్క కలిపాను గానీ నడుమ గట్టు తీయలేదని కాసేపటికి తట్టింది. ఆ గట్టు లాంటి లోపలి పార్టిషన్‌ను కూడా జరిపి పెంచాక జాగ కనబడింది.

ఆమె పాత ఎక్స్‌రే తెరుచుకుంది. డాక్టరమ్మ రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. మచ్చ పాతదే, పెరగలేదంది. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి, దాచుకోవడమెందుకు.

పోయేముందు ఆమె కొత్త ఫిల్మ్ కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఇంటికి తీసుకుపోమన్నాను.

"నా కాడుంటే మళ్ల కిటికీకే పోతది సార్, మీ కాడనే ఉండనియ్యుర్రి. నేను వస్త. జర లేటయినా నన్ను తీసెయ్యకుర్రి."