మేడమ్ గదిలో అవ్వ

కాఫీ మాడిన వాసన వస్తే నాకు దోహాలో మా పై ఫ్లాట్ గుర్తొస్తుంది. తొంభైలలో అక్కడ హైతీ దేశపు మేడమ్ ఒంటరిగా ఉండేది. కాలేజీలో సాహిత్యం బోధిస్తూ నవలలు రాసేది. అమ్మ ఆమెకు వంట చేసేది.

ఒక మధ్యాహ్నం అమ్మా నేనూ ఆమె వంటింట్లో ఉండగా, మూసిన గదిలోంచి మగవాడి అరుపులు, ఎవరో ముసలావిడ ఏడుస్తూ బతిమాలడం వినిపించాయి. అదేం భాషో తెలియలేదు.

"ఎవురో ఆయమ్మను కొడతాండారు," అంది అమ్మ. పొయ్యి మీద కాఫీ మాడుతున్నా కదల్లేదు.

"నాయన్ను పిల్చుకొస్తా."

"వద్దు. గొడవై పోలీసులొస్తే మన వీసాలు పోతాయి."

అలా అంటూనే అట్లకాడ పట్టుకుని తలుపు తోసింది.

లోపల మేడమ్ ఒక్కతే ఉంది. చెంపలు తడిసి ఉన్నాయి. ఆమె ఇంగ్లీషులో చెప్పింది నేను అమ్మకు చెప్పాను. "కథలో మనుషులంటమ్మా. రాసేముందు వాళ్ళ మాటలు తనే పలుకుతాదంట. ఆ ముసలామె మేడమ్ వాళ్ళవ్వంట, కథలో సచ్చిపోతాదంట."

"అవ్వను బతకనీమని చెప్పు," అంది అమ్మ.

చెబితే మేడమ్ కలం పట్టుకుని కాగితాన్నే చూస్తూ కూర్చుంది. ఒక్క మాట రాస్తే సరిపోయేదానికి ఇంత ఆలోచనెందుకని నాకు విసుగొచ్చింది.

ఆ అవ్వ నిజంగానే పోయిందనీ, చివరిచూపుకు హైతీ ప్రభుత్వం మేడమ్‌ను దేశంలోకి రానివ్వలేదనీ పెద్దయ్యాక ఆమె నవల ముందుమాటలో చదివాను. నవలలో మాత్రం అవ్వ చివరి పేజీ దాకా బతికే ఉంది.