సీతగారి పీత

ఈ ఉదయం మా ఎదుటి గోడకు ఏవో ఆటల పోటీల పోస్టరు అంటిస్తుంటే మైదా జిగురు వాసన వరండాలోకి వచ్చింది. ఉడికిన పిండి, పురుగు పట్టకుండా అందులో కలిపే మైలుతుత్తం. ఆ వాసనకు నాకు మా డ్రాయింగు టీచరు సీతామహాలక్ష్మిగారు గుర్తుకొస్తారు. పాత పేపర్లను అలాంటి జిగురులోనే నానబెట్టి, వెదురు చట్రం మీద పొరలు పొరలుగా అంటించి, ఆవిడ ఒక పీతను తయారుచేశారు. రాజమండ్రిలో ఆ పీత పడినన్ని మాటలు ఏ మనిషీ పడి ఉండడు.

బడిపిల్లల రాష్ట్రస్థాయి కబడ్డీ పోటీలు ఆ ఏడు మా మైదానంలో జరగవలసి ఉంది. పోటీలకు గుర్తుగా ఒక బొమ్మ కావాలన్నారు. బొమ్మ పని సీతగారికి, ప్రచారం పని లెక్కల మాస్టరునైన నాకు అప్పగించారు. ఆవిడకు ఉద్యోగంలో అదే చివరి సంవత్సరం. పీతే ఎందుకని అడిగితే, స్టాఫ్‌రూములో రెండు చేతులూ చాచి అడ్డంగా నాలుగడుగులు వేసి చూపించారు. "కూతకి వచ్చినవాడి ముందు మన పిల్లలు ఇలాగే కదండీ కదిలేది? అదును చూసి కాలు పట్టేది పీతే కదండీ."

బొమ్మ ఫోటో ఫోన్లలోకి వెళ్ళిన సాయంత్రమే ఎగతాళి మొదలైంది. "సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి" అని ఒకరు. "పోటీలయ్యాక పులుసు పెడతారాండీ?" అని ఇంకొకరు. ఒకదాన్నొకటి కిందికి లాక్కునే జీవి మన జిల్లాకు సరైన గుర్తేనని మరొకరు. రాసినవాళ్ళలో మా దగ్గర చదువుకున్నవాళ్ళే చాలామంది. నాకు ఒళ్ళు మండింది. ఏ మాట ఎవరన్నారో వరుసగా రాసి, ప్రతిదాని పక్కనా ఘాటైన జవాబు సిద్ధం చేశాను. ఆహ్వాన సంఘం అధ్యక్షులు బియ్యం వర్తకులు. ఆయన మెత్తగానే చెప్పారు. "మేడమ్ గారూ, సింహాన్ని పెడితే ఎవడు నవ్వుతాడండి? ఆదివారం మీటింగు నాటికి ఈ గోల ఆగకపోతే సింహాన్ని తెప్పించేస్తాను. ఏమనుకోకండి." సీతగారు ఏమీ అనుకోనట్టే తలూపారు గాని, ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు.

బడి వదిలాక నా కాగితాలు ఆవిడ ముందు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని అన్నీ చదివారు. పులుసు మాట దగ్గర నవ్వారు కూడా.

"జవాబులు తర్వాత పంపుదురుగాని మాస్టారూ. ముందు వీటిని రెండు కుప్పలు చేయండి. బొమ్మని చూసి అన్నవి ఒకటి. పక్కవాడి నవ్వు చూసి అన్నవి ఒకటి."

"వెటకారం ఏదైనా వెటకారమే కదండీ?"

"కాదండి. చూసి తిట్టినవాడు మనకి పనికొస్తాడు."

రెండో కుప్పే పెరిగింది. మొదటి దానిలో మిగిలినవి ఏవో రెండు మూడు. కళ్ళు బూందీ లడ్డూల్లా ఉన్నాయన్నది ఒకటి. ఇంకొకటి సూర్రావుగారిది. కాలువ చివరి భూముల్లో వరి పండించే ఆయన మా జట్టులో ఒక కుర్రాడి తండ్రి. గేటు దగ్గర బండి ఆపి నన్ను నిలదీశారు: "ఏంటండీ మాస్టారూ, గట్టుకి కన్నాలెట్టి మా చేలో నీళ్ళన్నీ పోగొట్టేదాన్ని తెచ్చి మా పిల్లల నెత్తినెక్కించారు? ఆ కాళ్ళూ, ఆ రంగూ అచ్చం అదేనండి."

సీతగారు ఆ కాగితాన్ని పక్కకు తీసి, మళ్ళీ మొదటి నుంచి చదివారు. "ఈయన చూశారండి," అన్నారు చివరికి. "గట్టు నిలబడితేనే మనకి అన్నం. గట్టు తొలిచే పీతని ఎలా వేశానండీ నేను?"

మర్నాడు మళ్ళీ జిగురు ఉడికింది. గిన్నె నేనే పట్టుకున్నాను. చివరి జత కాళ్ళను కోసేసి, తెడ్డుల్లా చదునుగా కొత్తవి అతికించారు. మట్టిరంగు మీద నీలం పూశారు. అది ఇప్పుడు సముద్రంలో ఈదే పీత. పూర్తయ్యాక అధ్యక్షులకు కాదు, ముందు సూర్రావుగారికి కబురు పెట్టారు. ఆయన బొమ్మ చుట్టూ తిరిగి, వెనక కాలిని వేలితో తట్టి చూశారు. "ఇది సముద్రప్పీతండి. మా గట్ల జోలికి రాదు. ఆయ్, ఉంచండి."

ఆదివారం మీటింగులో అధ్యక్షులు సింహం ఫోటో అందరికీ చూపిస్తుంటే, వెనక బెంచీ నుంచి సూర్రావుగారే లేచారు. "సింహాన్ని మనవాళ్ళు ఎక్కడ చూశారండి? పీత చేత కరిపించుకోనివాళ్ళు ఈ గదిలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తమనండి." ఒక్క చెయ్యీ లేవలేదు. అధ్యక్షులు తన బొటనవేలు వంక చూసుకుని నవ్వేశారు. పీత ఉండిపోయింది.

ప్రారంభం రోజున గేటు ముందు దాన్ని చూసి జనం నవ్వుతూనే ఉన్నారు. నేను మళ్ళీ పళ్ళు నూరాను. సీతగారు నా మోచేతి మీద చెయ్యి వేశారు. "నవ్వనివ్వండి మాస్టారూ. ఎదురుగా నిలబడి నవ్వుతున్నారు కదా."

ఆవిడ ఇప్పుడు లేరు. అన్నీ రాసిపెట్టుకునే అలవాటు నాకు పోలేదు, కోపమూ పోలేదు. అయితే అప్పటి నుంచి నా ప్రతి కాగితం మీదా ఆ రెండు కుప్పలను విడదీస్తూ నడుమ ఒక గీత ఉంటుంది. ఈ ఉదయం ఆ పోస్టరు మీది బొమ్మను ఫోనులో అప్పుడే ఉతికి ఆరేస్తున్నారు. బొమ్మ గీసినదెవరో గాని, వారి తరఫున నాకు ఉక్రోషం వచ్చి, జవాబు సగం రాశాను కూడా. తర్వాత అది చెరిపేసి, చెప్పులు వేసుకుని గోడ దగ్గరకు వెళ్ళాను. జిగురు ఇంకా తడిగానే ఉంది. ఆ బొమ్మ ఏ జంతువో నాకూ వెంటనే తెలియలేదు. ఇంకాసేపు నిలబడ్డాను.