వంతెన దిగిన బస్సు

ఎదురు ఫ్లాటు వదిన పోయిందన్న కబురు నాకు ఆమె పిల్లలు చెప్పలేదు, చర్చివాళ్ళూ చెప్పలేదు. మిష్రిఫ్‌లో ఒక విల్లాలో వంట చేసే మా కడప జిల్లా అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "మ్మా, సిస్టరమ్మ పాయెనంట. నిద్దరలోనే పాయెనంట. నువ్వు కూర్చోనుండావా, నిలబడుకోనుండావా? నిలబడుకోనుంటే కూచో," అంది. నేను కూర్చునే ఉన్నాను. ఆ మాట విన్నాక లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకు ఇప్పటికీ తెలీదు. వదిన గదిలోకి వస్తే లేచి నిలబడే అలవాటు ఆమె పనిచేసిన క్లినిక్‌లో ఆయాలకు ఉండేది. నాకు ఎన్నడూ లేదు.

ఉద్యోగం ముగించుకుని ఆమె నరసాపురం వెళ్ళిపోయి కొన్నేళ్ళయింది. మేమింకా కొడుకు ఇఖామా అనే నివాస అనుమతి నీడన కువైట్‌లోనే ఉన్నాం. అంతకు ముందు ఫర్వానియాలో ఇరవయ్యేళ్ళు మా రెండు తలుపులూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ బతికాయి. మాకు చుట్టరికం లేదు. ఆమెది గోదావరి, నాది పెన్న ఒడ్డు. ఆమెకు శుక్రవారం చర్చి, నాకు శనివారం ఉపవాసం. ఆమె నన్ను వదినగారూ అనేది, నేను ఆమెను వదినా అనేదాన్ని. మాలో ఎవరు ఎవరికి ఆడపడుచో తేల్చుకునే తీరిక మాత్రం ఇద్దరికీ దొరకలేదు.

నేను ఇండియన్ స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఆమె మిష్రిఫ్ పక్కనున్న క్లినిక్‌లో పిల్లలకు టీకాలు వేసే సిస్టర్. ఆ చుట్టుపక్కల ఆమె సూది ఎరుగని తొడ లేదు. ఇప్పుడు గడ్డాలు పెంచుకుని దర్జాగా తిరిగే యువకుల్లో చాలామంది ఆమె ఒళ్ళో గుక్కపెట్టినవాళ్ళే. సూది వేసేముందు పిల్లలతో ఆమె ఎన్నడూ అబద్ధం చెప్పలేదట. "నొప్పి పుడుతుంది. పుట్టి, పోతుంది," అని తనకొచ్చిన అరబీలో చెప్పేదట. తర్వాత్తర్వాత మా ఇంట్లో కరెంటు పోయినా, నాకు ప్రమోషన్ రాకపోయినా నాకూ అదే మాట చెప్పింది. తెలుగులో.

ఇంటికి ఎవరొచ్చినా మనం భోంచేశారా అని అడుగుతాం. వదిన మొదటి ప్రశ్న వేరు. "ఎలా వచ్చారు?" ఏ బస్సు, ఎక్కడ ఎక్కారు, ఎంతసేపు నిలబడ్డారు, నీడ ఉందా. ఇవన్నీ తేలాకే మంచినీళ్ళు. కారులో వచ్చినవాళ్ళను ఏమీ అడిగేది కాదు. వాళ్ళ ప్రయాణంలో చెప్పుకోవడానికేం ఉంటుందని ఆమె ఉద్దేశం.

అక్కడ సెలవు శుక్రవారమే. చర్చిలో ప్రార్థన ముగిశాక ఆమె హాలు నిండిపోయేది. విల్లాల్లో పనిచేసే ఆడవాళ్ళు, క్యాంపుల్లో ఉండే మగవాళ్ళు, ఏ ఊరివాళ్ళయినా సరే, ఏ దేవుడివాళ్ళయినా సరే. చారు, అన్నం, వేయించిన ఎండుచేపలు. చేపల వాసనకు నేను తలుపు మూసుకునేదాన్ని, చారు కోసం తెరిచేదాన్ని. ఆ హాల్లోనే మిష్రిఫ్ అమ్మాయిని మొదటిసారి చూశాను. పక్కన ఆమె మొగుడు. అతను షుఐబా రేవులో కాంట్రాక్టు కూలీ. ఇద్దరూ ఒకే దేశంలో ఉన్నారు, అది కూడా అంత పెద్ద దేశమేం కాదు. అయినా వాళ్ళు కలుసుకునేది శుక్రవారం పొద్దున మాత్రమే. ఫర్వానియా బస్సు షుఐబా నుంచి సముద్రం పక్కగా వచ్చేది. అతను అక్కడ ఎక్కేవాడు, ఆమె మిష్రిఫ్ సందు మొగలో ఎక్కేది. ఆడవాళ్ళు ముందు సీట్లలో, మగవాళ్ళు వెనక సీట్లలో కూర్చోవడం అక్కడి పద్ధతి. ఫర్వానియాలో దిగాక వదిన హాల్లో ఒక మూల కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. మధ్యాహ్నం నమాజు నుంచి ఆ ఇంటి మగవాళ్ళు తిరిగొచ్చి భోజనానికి కూర్చునేలోపు ఆమె విల్లాలో ఉండాలి. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పెట్టిన షరతు అది.

అప్పుడే మిష్రిఫ్ దగ్గర వంతెన లేచింది. ఊరు పెరుగుతోంది, రోడ్లు వెడల్పవుతున్నాయి, మా ఆయన జీతం కూడా పెరిగింది. ఆయన ఆ వంతెనకు బొమ్మలు గీసిన కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. వంతెన తెరిచిన వారం మా ఇంట్లో పాయసం చేశాను. వదినకూ ఒక గిన్నె పంపాను. గిన్నె తిరిగి ఇవ్వడానికి తనే వచ్చింది.

"అన్నయ్యగారూ, మీ వంతెన చూశానండీ. ఎంత నున్నగా ఉందండీ," అంది.

మా ఆయన మురిసిపోయారు. "బస్సు కూడా ఇప్పుడు పైనుంచే పోతుందమ్మా. కింద ఆగే పని లేదు. బోలెడు టైము కలిసొస్తుంది."

"ఎవరికండీ?"

ఆయన గిన్నె అందుకుని నావైపు చూశారు. లెక్కల టీచర్ని పెళ్ళాడిన మనిషికి జవాబు లేని ప్రశ్న కనిపిస్తే గుర్తుపట్టడం తెలుసు.

కింది స్టాపు పోయింది. తర్వాతి స్టాపు పెద్ద రోడ్డుకు అవతల ఎక్కడో ఉంది. దాటడానికి నడక వంతెన లేదు. కార్ల మధ్య పరుగెత్తాలి, లేదా ఎండలో చుట్టూ తిరిగి పోవాలి. ఆ శుక్రవారం ఆ అమ్మాయి చెమటతో, ఉప్పు మరకలతో వచ్చింది. "సిస్టరమ్మా, నేను కింద నిలబడుకోనుండా. బస్సు పైన పోయె. కిటికీలో నా మొగుడు తలకాయ కనపడె. నేను చెయ్యెత్తితి. వాడూ ఎత్తె. వాడట్ల పాయె, నేనిట్ల నడిస్తి," అంది. హాల్లో కొందరు నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది. వదిన నవ్వలేదు.

ఆ రోజు ఆమె మొగుడి పక్కన కూర్చున్నది ఒక గ్లాసు టీ చల్లారేంత సేపు. విల్లాకు ఆలస్యంగా చేరింది. ఇంకోసారి ఇట్లా అయితే ఖలాస్, శుక్రవారం సెలవు ఉండదు అని మామా చెప్పేసింది. శుక్రవారం పోతే ఆ ఇద్దరికీ కువైట్ ఇండియా కన్నా దూరమైపోతుంది.

వదిన బస్సుల ఆఫీసుకు వెళ్ళింది. నన్నూ లాక్కుపోయింది, ఇంగ్లీషు కోసం. బల్ల వెనక మర్యాదస్తుడు ఒకాయన కూర్చుని ఉన్నాడు. "అక్కడ స్టాపు అవసరం లేదమ్మా. ఆ ఏరియాలో ఉండేవాళ్ళందరికీ కార్లున్నాయి," అన్నాడు.

నేను తర్జుమా చేసేలోపే వదిన అరబీలో అడిగేసింది. "మరి ఆ ఇళ్ళల్లో వంట ఎవరు చేస్తున్నారయ్యా, కార్లా?"

ఆయన నవ్వి టీ ఇప్పించాడు. స్టాపు మాత్రం ఇప్పించలేదు. బయటికొచ్చాక నేను నాలుగు మాటలు అనబోతే వదిన ఆపింది. "అడిగే నోరు మనదైతే విసుగండీ. వాళ్ళమ్మదైతే ఆజ్ఞండీ. మనం తప్పు నోటితో అడిగాం."

ఆ విల్లాలో ఎవరి నోరు చెల్లుతుందో టీకాల సిస్టర్‌కు తెలుసు. మామాకు ఒక అత్తగారు ఉంది. ఇంట్లో అందరూ ఆవిడను పెద్ద మామా అంటారు. శుక్రవారం మధ్యాహ్నం కొడుకులూ కోడళ్ళూ మనవలూ అందరూ ఆవిడ ముందు కూర్చుని భోంచేయాలి, అది అక్కడి ఇళ్ళ ఆచారం. రెండో కొడుకు రోడ్ల శాఖలో పెద్ద ఉద్యోగి. ఆవిడకు అన్నం మాంసం ఎవరు వండినా ఒకటే, టమాటా కారం మాత్రం మా కడప అమ్మాయి చేయాలి. దాన్ని వాళ్ళు దక్కూస్ అంటారు. ఆ అమ్మాయి అందులో మన మిరపకాయ వేసి ఆవిడ నాలుకను మరమ్మతు చేయలేనంతగా పాడు చేసింది.

ఇన్నాళ్ళూ శుక్రవారం పొద్దున దక్కూస్ చేసి పెట్టి వచ్చేది. వదిన ఆ అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పింది. "ఈసారి చేసి పెట్టకు. తిరిగెళ్ళాక వేడిగా చెయ్యి. రుచి కూడా అప్పుడే కదే. అడిగితే అబద్ధం ఒక్కటి కూడా ఆడకు. బస్సు గురించి చెప్పు, అంతే."

ఆ అమ్మాయి పోయాక నేను ఊరుకోలేదు. "ఏం వదినా, నీ ప్రయోగానికి ఆ పిల్ల సంసారమే దొరికిందా? మామా శుక్రవారం తీసేస్తే ఏం చేస్తావు?"

"ఇప్పుడు మాత్రం ఉందేంటండీ? వారం వారం కాస్త కాస్త పోతోంది. అలా పోతే నొప్పి కూడా తెలీదు. అదే నా భయం."

తర్వాతి శుక్రవారం జరిగింది నేను చూడలేదు. ఆ అమ్మాయి ఫోన్లో చెప్పిందాన్ని వదిన చెవీ నా చెవీ ఒకే రిసీవరుకు ఆనించి విన్నాం.

"నేను పొయ్యేతలికి అందురూ కూర్చోనుండారు సిస్టరమ్మా. పెద్ద మామా గరిటె కింద పెట్టేసి, దక్కూస్ యాడ అని అడిగె. మామా నా మీద కేకలేసె, ఖలాస్, ఇంగ శుక్రవారం లేదు అనె. పెద్ద మామా ఆమెను ఆగమని చెప్పి, యాడికి పోయింటివి అని నన్నడిగె. బస్సు కిందికి రాదు మామా, పైన పోతాది, అందులో నా మొగుడుంటాడు, నేను కింద నిలబడుకోని చూస్తాండా అని చెప్పితి. ఆమె, నీ మొగుడు నెత్తి మీద పోతాంటే నువ్వు కింద నిలబడుకోని చూస్తాండావా అనె. ఔ మామా అంటి. అప్పుడు రెండో కొడుకు దిక్కు తిరిగి, ఆ వంతెన ఎవురు కట్టించినారు అని అడిగె."

"ఆయనేమన్నాడే?"

"ఆయప్ప నోట్లో ముద్ద ఉండె సిస్టరమ్మా. మింగనూ లేదు, ఊయనూ లేదు."

నవ్వు మొదలుపెట్టింది నేనే. వదిన రిసీవరు పెట్టేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని అంది, "కొర్రమీను కోసం వలేస్తే పులస పడిందండీ వదినగారూ. నేను ఆవిడ నాలుక పట్టుకుందామనుకున్నా. ఆవిడకు దక్కూస్ కన్నా పెద్దది దొరికింది."

ఒక కుటుంబాన్ని నడిపే ముసలమ్మ ముందు ఏ శాఖైనా చిన్నదే. ఈ మాట నేను నాయనమ్మనయ్యాక చెబుతున్నాను, కాబట్టి పక్షపాతం అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. కొన్ని వారాలకు మా ఆయన కంపెనీకి సవరణ బొమ్మ గీయమని వచ్చింది. బస్సు వంతెనకు ముందే పక్కదారిలోకి దిగాలి, సందు మొగలో ఆగాలి, మళ్ళీ పెద్ద రోడ్డెక్కాలి. ఆ గీత గీసిన సాయంత్రం ఆయన ఈల వేసుకుంటూ ఇంటికొచ్చారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయనకు ఈల వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

బస్సు దారి మారిన మొదటి శుక్రవారం వదిన చర్చికి వెళ్ళలేదు. దేవుడితో ఆదివారం మాట్లాడతానంది. మా ఆయన మమ్మల్నిద్దర్నీ కారులో తీసుకెళ్ళి కొత్త స్టాపు స్తంభం దగ్గర దింపారు. విల్లాల నుంచి ఒక్కొక్కరే వచ్చారు. తెలుగువాళ్ళు, సిలోన్‌వాళ్ళు, ఫిలిప్పీన్స్‌వాళ్ళు. దూరంగా బస్సు కనబడింది. అది నేరుగా వంతెన వైపే వస్తోంది. అన్ని తలలూ దానితోపాటే తిరిగాయి. వదిన గొడుగు మూసి, ట్రాఫిక్ పోలీసులా పైకెత్తింది. "దిగు తమ్ముడూ," అంది, డ్రైవరు పక్కనే ఉన్నంత మామూలుగా, "యల్లా, దిగు."

పక్క లైటు వెలిగింది. బస్సు దిగింది.

వెనక వరసలో ఆ మొగుడు లేచి నిలబడ్డాడు. ఆ అమ్మాయి ఎక్కి ముందు సీట్లో కూర్చుని, తల తిప్పకుండా నేరుగా రోడ్డు చూస్తోంది. డ్రైవరు అద్దంలో మాత్రం ఆమె నవ్వు బస్సంతా కనబడుతోంది. మేమూ ఎక్కాం. ఫర్వానియా దాకా వాళ్ళిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

"ఇంత చేస్తే ఇదా వదినా? మూగనోము పట్టినట్టు కూర్చున్నారు," అన్నాను.

"ఒకే బస్సులో కూర్చుని మాట్లాడుకోవట్లేదు కదండీ. అది వేరండీ," అంది వదిన. అంత గర్వంగా ఆమె మొహం నేను మరెప్పుడూ చూడలేదు, కూతురికి ఆసుపత్రి ఉద్యోగం వచ్చినప్పుడు కూడా.

నరసాపురం వెళ్ళి మట్టి వేసే ఓపిక నా మోకాళ్ళకు లేదు. అందుకని ఈ శుక్రవారం మిష్రిఫ్ స్టాపుకు వెళ్ళాను. మా కడప అమ్మాయికి చెవుల దగ్గర జుట్టు నెరిసింది. "సిస్టరమ్మకు చెప్పాల్సింది ఒకటుండె మ్మా. నా మొగుడికి ఫర్వానియాలోనే పని దొరికింది. అయినా శుక్రవారం పొద్దున ఆ రేవుదాకా పోయి, ఈ బస్సెక్కే వస్తాడు. పిచ్చోడు," అంది. చెప్పి, మొహం పక్కకు తిప్పుకుంది.

బస్సు దిగి వచ్చి ఆగింది. ఇరుకు పక్కదారి కావడంతో దాని వెనక కార్లు ఆగిపోయాయి, సందు మలుపు దాకా, తళతళ మెరిసే పెద్ద పెద్ద కార్లు. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు తీరిగ్గా ఎక్కుతున్నారు. మా కడప అమ్మాయి మెట్టు మీద కాలు పెట్టి, చున్నీ సర్దుకోవడానికి ఆగింది. సర్దుకుంది. అది మళ్ళీ జారింది. మళ్ళీ సర్దుకుంది. కార్లన్నీ నిలబడే ఉన్నాయి.