ఒక ముడి ముందే విప్పాను

నేను అక్షరాలు దిద్దింది మనవలు పుట్టాక. మా అయ్య ఇంట్లో ఎవరికీ చదువు లేదు. అందుకే పెళ్ళి ఖాయమైన రోజున కొబ్బరిపీచుతో రెండు తాళ్ళు పేనేవారు. పెళ్ళికి ఎన్ని రోజులుంటే అన్ని ముడులు. ఒక తాడు మా ఇంట్లో, ఒకటి మగపెళ్ళివారింట్లో. రోజూ తెల్లవారగానే ఒక ముడి విప్పాలి. ఆఖరి ముడి విప్పిన పొద్దున కంకణం కడతారు.

నా పెళ్ళి తాడు మామ్మ మంచంకోడుకు కట్టాం. మామ్మ మా అయ్యను కన్న తల్లి. చూపు లేదు, జ్వరంతో మంచం పట్టింది. కంకణం కట్టాక ఆమె పోయినా మైల అంటదు. ముందే పోతే పెళ్ళి ఆగుతుంది. జలంత్రకోట పెళ్ళికొడుకు ఆ వారంలోనే కూలిపనికి బర్మా వెళ్ళే రంగం ఓడ ఎక్కాలి. వెళ్ళినవాళ్ళలో ఎందరు తిరిగొచ్చారో మాకు తెలుసు.

నిజం చెబుతాను, నాకు మామ్మ మీద జాలి కలగలేదు. భయమే. ఆమె ఊపిరి వినపడకపోతే నా ఊపిరి ఆగేది.

మామ్మా లెక్కపెట్టేది. వేళ్ళతో ముడులు తడుముకునేది. నాలుగు మిగిలిన పొద్దున గంజి మింగలేక, అన్నాళ్ళు తన వల్ల కాదని గొణిగింది. మిగతావాళ్ళు తోటకు వెళ్ళాక ఇంకో ముడి విప్పేశాను. ఒక రోజంతా నిద్రపోయావని చెప్పి, ఆమె వేళ్ళు తాడు మీద పెట్టాను. నమ్మింది. గంజి తాగింది.

అలా పెళ్ళికి ముందురోజే తాడు ఖాళీ అయింది. మామ్మ దాన్ని పట్టుకుని, "మేళం ఏదే గుంటా? ఇనపడదేటి?" అని అడిగింది. వస్తున్నారన్నాను. ఆమె ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది.

పందిరి వేస్తున్న అయ్య దగ్గరికి పరిగెత్తి చేసింది చెప్పాను.

"ముడి ఇప్పితే రోజు గడిసిపోద్దేటే?" అన్నాడు. కొట్టలేదు. కత్తి కింద పడేసి డప్పు వాయించేవాణ్ణి పిలుచుకొచ్చాడు.

"పెళ్ళి రేపు గదా మావా, ఇయ్యాలేటి?" అని వాడు నసిగాడు.

"వాయించు. ముసిల్దానికి రేపు లేదు."

మేనత్త పసుపుతాడు తెచ్చి నాకు కంకణం కట్టేసింది. ముహూర్తం లేదు, మంత్రం లేదు. నా చేయి మామ్మకు అందించారు. కంకణం తడిమి, "మరింకేటి," అంది. పొద్దు వాలేలోపు పోయింది.

కంకణం కట్టుకున్నవాళ్ళు శవాన్ని చూడకూడదని నన్ను ధాన్యం గదిలో పెట్టి తలుపేశారు. ఏడుపు బయటికి పోకుండా డప్పు ఆపనివ్వలేదు. పెరటి దారిన తీసుకెళ్ళారు. ఒకరోజు ముందు కట్టిన కంకణం మైలను ఆపుతుందో లేదో బ్రాహ్మణుణ్ణి అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఊరంతా నోరు మూసుకుంది.

మర్నాడు లెక్క తప్పకుండా జలంత్రకోటవాళ్ళు వచ్చారు. పీటల మీద నేను వణుకుతూ కూర్చున్నాను. అక్షింతలు వేస్తూ పెళ్ళికొడుకు తల్లి, మా అత్త, ముసలమ్మ దీవించడానికి రాలేదేమని అడిగింది. ఒంట్లో బాగోలేదు, పడుకుందని అయ్య చెప్పాడు. అత్త నా చేయి పట్టుకుని చూసింది.

"సిగ్గుకి ఎలా వణికిపోతందో సూడండి," అని నవ్వింది.