సైలెన్సర్ వెనక ప్రార్థన

ఆ రోజుల్లో నవ్వు నా మాట వినేది కాదు, ఎక్కడ పడితే అక్కడ వచ్చేసేది. ఇరవై రెండేళ్ళకి మదనపల్లె దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరాను. చేరిన నెలకే మా పెద్ద సిస్టరమ్మ దృష్టిలో పనికిరాని ఇకిలింపుల పిల్లనైపోయాను. (సూది చూసి మంచం కిందికి దూరిన బుర్రమీసాల ఆసామిని చూసి నవ్వకుండా ఎవరుండగలరో నాకు ఇప్పటికీ తెలీదు.) అందుకే కుప్పం అవతల అడవి పల్లెల్లో కంటి క్యాంపుకి వెళ్ళేవాళ్ళ జాబితాలోంచి నా పేరు కొట్టేశారు. "ఆ పల్లెల్లో ముసలోళ్ళు సూపు లేక ఏడస్తా ఉంటారు. నువ్వు యాల? నవ్వేదానికా?" అన్నారు. మదనపల్లె, బి.కొత్తకోట దాటి లోకం చూడని నాకు ప్రాణం ఉసూరుమంది.

వెళ్ళేది మా డీజిల్ జీపులో. స్టార్టయ్యేదాకా దగ్గు, స్టార్టయ్యాక నల్లపొగ, అదీ దాని వరస. బయలుదేరే ముందు అందరూ దాని చుట్టూ నిలబడితే మా పాస్టరు అయ్యగారు ప్రార్థన చేయడం ఆనవాయితీ. ఆ రోజు డ్రైవరప్ప ఇంజన్ ఆపనన్నాడు. "బ్యాటరీ వీకుగా ఉండాదయ్యా. ఆపితే మళ్ళా మీరే తొయ్యాల." నడుం నొప్పి మనిషైన అయ్యగారు గబుక్కున కళ్ళు మూసుకున్నారు.

నేను అలిగి అందరికంటే వెనక నిలబడ్డాను, సరిగ్గా సైలెన్సర్ ఎదురుగా. అయ్యగారు డ్రైవరు కోసం, నాలుగు టైర్ల కోసం, తర్వాత గుర్తొచ్చి స్టెప్నీ కోసం విడిగా ప్రార్థించారు. ఆపైన పల్లెల పేర్లు మొదలుపెట్టారు. ఒక్కో పల్లెకీ ఒక్కో బుంగెడు పొగ నా మొహాన. కళ్ళు మండి నీళ్ళు ధారగా కారుతున్నాయి. కదిలితే తప్పు, దగ్గితే తప్పు. దానికితోడు స్టెప్నీ దగ్గర పుట్టిన నవ్వొకటి లోపల తన్నుకుంటోంది. రుమాలు నోట్లో కుక్కుకుంటే భుజాలు ఎగిరిపడటం మొదలుపెట్టాయి. 'ఆమెన్' అని కళ్ళు తెరిచిన అయ్యగారు నన్ను చూసి కదిలిపోయారు. "సిస్టరమ్మా, ఈ బిడ్డ భారం చూడండమ్మా! ముక్కూ మొహం తెలియని ముసలోళ్ళ కోసం ఎట్లా కుమిలిపోతా ఉండాదో!"

పెద్ద సిస్టరమ్మ నన్ను ఎగాదిగా చూసి, చప్పున మొహం అటు తిప్పుకుని, "ఎక్కు" అన్నారు. ఎక్కేశాను. (మార్చుకోవడానికి ఒక జత బట్టలు కూడా లేకుండా.)

పుంగనూరు దాకా ఆవిడ నా వైపు చూడలేదు. నిజం మాత్రం లోపల గిల్లుతూనే ఉంది. టీ కోసం జీపు ఆగగానే ఇక నా వల్ల కాలేదు. దింపేసి బస్సెక్కిస్తే ఎక్కిస్తారనుకుని చెప్పేశాను. "సిస్టరమ్మా, అది ఏడుపు కాదు. పొగ."

ఆవిడ జీపు అద్దం నా వైపు తిప్పారు. మసి పట్టిన మొహం మీద రెండు తెల్లటి చారలు! "నాకు తెలీదనుకుంటివా? నేనూ ఆడనే ఉండాను కదమ్మా. స్టెప్నీ కాడ నాకూ నవ్వొచ్చె. ఇంకో మాట మాట్లాడితే ఆడే నవ్వేస్తానని 'ఎక్కు' అని ఊరకుంటి" అంటూ, పక్కనే టీ తాగుతున్న డ్రైవరప్ప కూడా తిరిగి చూసేలా విరగబడి నవ్వారు. ఆవిడ పళ్ళు చూడటం నాకదే మొదటిసారి.

"అయితే నన్ను యాల ఎక్కించుకుంటిరి?"

"అంత నవ్వు ఆపుకున్నదానివి, ఆ ముసలోళ్ళ ముందర ఆపుకోలేవా?"

ఆపుకున్నాను. క్యాంపు జరిగిన మూడు రోజులూ నేను ఒక్కసారీ నవ్వలేదు. సిస్టరమ్మే రెండుసార్లు బయటికి వెళ్ళి నవ్వుకుని వచ్చారు.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేనున్నాను. ఆసుపత్రికి పొగ రాని కొత్త బండి వచ్చింది. పోయిన నెల పాత జీపును తుక్కు కింద లారీకి కట్టి లాక్కుపోయారు. లారీకి కడుతున్నంతసేపూ నేను సైలెన్సర్ వెనకే నిలబడ్డాను. ఎప్పుడో రిటైరైన డ్రైవరప్ప దాన్ని సాగనంపడానికి వచ్చి, నా మొహం చూసి ఆగాడు.

"ఏం తల్లీ, ఈ పొద్దు పొగే రాలేదే?"

"లేదప్పా" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. అంతలో నవ్వొచ్చింది. ఈసారి ఆపుకోలేదు.