దేవకృప ఎక్కగల ఎత్తు

మీ భార్య ఎంత ఎత్తు ఎక్కగలదో తెలుసుకుని, ఆ ఎత్తుకు ఇంకొక అంగుళం కలపాలని మీకెప్పుడైనా అనిపించిందా? అనిపించలేదంటే సంతోషం. బొల్లారంలో ఒక పెద్దమనిషికి అనిపించింది. ఆయన ఆ పనిని ఏళ్ల తరబడి, నలుగురి ఎదుట, నవ్వుతూ చేశాడు. ఎవరూ ఆపలేదు. అందులో తప్పేముందో కూడా ఎవరికీ తోచలేదు.

ఆయన పేరు జకర్యా. కంటోన్మెంటులో ఒక సరుకుల డిపోలో గుమస్తా. ఈ కథ మాత్రం ఆయన భార్య దేవకృపది. మారేడ్‌పల్లిలో ఒక మిషన్ బడిలో ఆమె లెక్కల టీచరు. నాకు భిన్నాలు నేర్పింది ఆమే.

దేవకృప బాపట్ల పక్క పల్లెలో పుట్టింది. చిన్నతనంలో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. తొడ దాకా ఇనుప కడ్డీల బూటు బిగించుకుని నడుస్తుంది. కుడి కాలికి ఏ లోపమూ లేదు. చేతులైతే మగవాళ్ల చేతులకు తీసిపోవు. ముప్ఫై దాటాక జకర్యాతో పెళ్లయింది. పెళ్లి పందిరి మరునాడే విప్పేశారు గాని, పెళ్లికొడుకు మంచితనాన్ని మాత్రం చర్చిలో ఇరవై ఏళ్లు విప్పకుండా నిలబెట్టారు. త్యాగం మీద ప్రసంగం వచ్చినప్పుడల్లా పాస్టరుగారు, "కాలు లేని పిల్లకు జీవితమిచ్చిన మన జకర్యా సోదరుడు" అనేవారు. కాలు ఉంది, బలహీనంగా ఉంది. ప్రసంగంలో అంత వివరానికి చోటుండదు. జకర్యా తల వంచుకుని వినేవాడు. ఆయన గర్వపడే పద్ధతి అదే.

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న ఆ రోజుల్లో, సైన్యం వాడి వదిలేసిన జీపొకటి వేలంలో జకర్యాకు దక్కింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. రాళ్లయినా బురదయినా ఎక్కుతుంది. అప్పటిదాకా దేవకృప బడికి బస్సులో వెళ్లేది. బస్సు మెట్టు దగ్గర కండక్టరు "అమ్మను పట్టుకోండ్రి!" అని అరిచేవాడు, ఎవరెవరివో చేతులు చంకల కింద దూరేవి. జీపు వచ్చాక ఆ చేతులు పోయాయి. ఎదుటి అద్దం చట్రాన్ని ఒక చేత్తో, సీటు పక్క పిడిని ఇంకో చేత్తో పట్టుకుని, కుడి కాలు లోపల పెట్టి, ఒక్క ఊపున ఒళ్లంతా పైకి లాక్కునేది. ఎడమ కాలు దానంతటదే వెనక వచ్చేది. జకర్యా డిపోకు వెళుతూ ఆమెను బడి దగ్గర దింపేవాడు. బడి గేటు ముందు మొదటిసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగిన రోజు, ఆమె తరగతికి వెళ్లకుండా కాసేపు అక్కడే నిలబడిందట.

ఆ ఆదివారం చర్చి బయట జకర్యా స్నేహితుడు పేతురు ఒక మాట అన్నాడు. "ఏందన్నా, వదినె గిట్ల ఒక్కతే ఎక్కుతున్నది! ఇగ నీకు పనేమున్నది?"

అందరూ నవ్వారు. జకర్యా కూడా నవ్వాడు. మరుసటి వారం జీపును బోయిగూడలోని తుకారాం షెడ్డుకు తోలుకెళ్లాడు.

తుకారాం పాత జీపులను ఎత్తు పెంచడంలో పేరు మోసిన మెకానిక్కు. ఆ జీపుకు కంపెనీ వేసిన టైర్లు ఆరు-పదహారు. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది లోపలి ఇనుప చక్రం కొలత, రెండూ అంగుళాల్లో. వెడల్పు పెరిగితే టైరు ఎత్తూ పెరుగుతుంది. ఆరు తీసి ఏడు-పదహారు వేస్తే బండి నేల నుంచి ఇంచుమించు ఒక అంగుళం లేస్తుంది. ఏడున్నర వేస్తే ఇంకాస్త లేస్తుంది గాని, మలుపులో టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. రాసుకోకూడదంటే కింద బండి బరువు మోసే స్ప్రింగుల్ని, అంటే కమాను పట్టీలను, వంచి బాడీని లేపాలి. బాడీ లేచాక టైర్లు చిన్నవిగా కనిపిస్తాయి. మళ్లీ టైర్లు. ఈ వ్యసనానికి లోనైన మగవాళ్లు సికిందరాబాదులో చాలామంది ఉన్నారు. ఎవరి కొలబద్ద వారిది. జకర్యా కొలబద్ద షెడ్డులో అందరికీ తెలుసు.

"ఎంత లేపాలె సార్?" అన్నాడు తుకారాం, టేపు తీస్తూ.

"టేపు లోపల పెట్టు. మా ఆవిడనే నా టేపు. ఆమె ఎక్కిందంటే ఇంకా లేపాలె."

ఏడు-పదహారు టైర్లు వేసిన శనివారం దేవకృపను షెడ్డుకు తీసుకొచ్చాడు. గ్రీజు చేతులతో పనివాళ్లు చుట్టూ చేరారు. పేతురు చాయ్ గ్లాసుతో నిలబడ్డాడు.

"వదినె, కిందికెల్లి చూస్తే ఎవరెస్టు లెక్కున్నది. జెండా తెచ్చినవా?"

"తెచ్చాను పేతురూ. నువ్వే పాతు. నీ నోరు ఎలాగూ అంత ఎత్తులోనే ఉంటుందిగా," అంది దేవకృప. చట్రం పట్టుకుంది. అంగుళం తేడాకు భుజాలు వణికాయి. కానీ ఎక్కింది.

చప్పట్లు కొట్టారు. ఆమె సంతోషపడింది. "చూశారా?" అన్నట్టు భర్త వైపు చూసింది.

"ఎక్కింది," అన్నాడు జకర్యా. "పట్టీలు లేపు తుకారాం."

ఆమె చేసిన తప్పు ఇక్కడే ఉంది, దాన్ని నేను దాచను. అది పందెమనుకుంది. పట్టీలు వంచి లేపితే, పై కడ్డీకి తోలు పట్టా కట్టించుకుని దాని సాయంతో ఎక్కి చూపించింది. తాను గెలిచిన ప్రతిసారీ తన మెట్టు తానే పెంచుకుంటోందని గ్రహించేసరికి ఆలస్యమైంది. చివరికి తుకారాం, ఇరుసు కింద ఉండే పట్టీలను ఇరుసు పైకి మార్చి బిగించాడు. దానితో బండి ఒక్కసారిగా జానెడు లేచింది. ఏడున్నర-పదహారు టైర్లు ఎక్కాయి. జీపు లోపలి నేల దేవకృప నడుము ఎత్తుకు చేరింది. ఆ రోజు ఆమె మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారి తోలు పట్టా తెగి వెనక్కి తూలితే పనివాళ్లు పట్టుకున్నారు. మళ్లీ ఎవరెవరివో చేతులు, చంకల కింద.

"ఆఁ," అన్నాడు జకర్యా, దూరంగా నిలబడి బండిని చూస్తూ. "ఇప్పుడు కరెక్టుగున్నది."

ఆ మరుసటి ఆదివారం చర్చి ముందు జీపు ఆగింది. జకర్యా దూకి దిగి, వెనక నుంచి చెక్క పీట తీసి, కర్చీఫుతో తుడిచి, నేల మీద పెట్టి, భార్యకు చెయ్యందించాడు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎంత ఓపిక! దేవుడిచ్చిన భర్త," అందొకావిడ, దేవకృపకు వినబడేట్టే. పాస్టరుగారికి కొత్త ఉదాహరణ దొరికింది.

దయ చూపడానికి ఎదుటివాళ్ల నిస్సహాయత కావాలి. అది చాలనప్పుడు తయారు చేసుకోవాలి. దీన్ని దయ అనేవాళ్లతో నాకు మాటల్లేవు.

పీట జకర్యా చేతిలో ఉంది కాబట్టి బడి కూడా ఆయన చేతిలోకి వెళ్లింది. ఆయన నిద్రలేచినప్పుడు ఆమె బయలుదేరాలి. సాయంత్రం ఆయన వచ్చేదాకా, పిల్లలంతా వెళ్లిపోయిన బడి అరుగు మీద కూర్చోవాలి. ఒకసారి ఆటో పిలిపించుకుంటే, గల్లీ అంతా వినేలా ఆటోవాలాను తిట్టాడు: "ఇంట్ల జీపుండంగ ఆటో ఏందిర? నా పెండ్లానికి నేను దిక్కులేనా?" ఆ తర్వాత ఏ ఆటోవాలా ఆ గుమ్మం ముందు ఆగలేదు. గల్లీ చివర ఆగే పాత బస్సును అప్పటికే ఎత్తేశారు, మెయిన్ రోడ్డు దాకా నడవడం ఆ కాలికి అయ్యే పని కాదు. మొదటి పీరియడ్ లెక్కలు తరచుగా తప్పిపోసాగాయి. హెడ్‌మిస్ట్రెస్ సుమిత్ర ఆమెను గదికి పిలిచి, మర్యాదగానే, ఈ ఏడు చివరికి తానే రాజీనామా ఇస్తే బాగుంటుందని చెప్పింది.

"మానెయ్ కృపా," అన్నాడు జకర్యా. "ఎంత తక్లీఫ్ పడతవ్? నేను లేనా?"

గృహహింస చట్టం కొత్తగా వచ్చిన కాలమది. అప్పటికి కాలేజీలో చదువుతున్న నేను ఆవేశంతో ఆమె ఇంటికి వెళ్లి, అవమానించడం కూడా హింసే, చట్టంలో స్పష్టంగా ఉంది, ఫిర్యాదు రాద్దామన్నాను.

"ఏమని రాస్తావమ్మా? మా ఆయన మంచి టైర్లు వేయించాడనా?"

"బుద్ధిపూర్వకంగా ఎత్తు పెంచాడని రాద్దాం."

"సాక్షులో?"

"చర్చిలో అందరూ చూశారుగా!"

"చూశారు. అందరూ వస్తారు కూడా. ఆయన తరఫున." బూటు పట్టీ బిగించుకుంటూ నవ్వింది. "నీ చట్టానికి ఆ పీట కనిపిస్తుంది తల్లీ. ఎత్తు కనిపించదు."

నేను లేచి వచ్చేశాను. ఆమె మీద నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఆ వానాకాలంలో ఒక ఉదయం చూస్తే, జకర్యా పీటను షెడ్డులో మరిచి వచ్చాడు. ఇంటి దగ్గర ఆమెను తానే ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. బడి గేటు ముందు ప్రార్థనకు పిల్లలు వరుసలు కట్టి ఉన్నారు. "దూకు, ఏం కాదు," అన్నాడు. గంట మోగింది. ఆమె దూకింది. ఇనుప కడ్డీ వంగి, బురదలో మోకాళ్ల మీద పడింది. వరుసలో ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వు వరుసంతా పాకింది. జకర్యా దిగివచ్చి, భార్యను రెండు చేతుల్లో ఎత్తుకుని, పిల్లల మధ్య నుంచి స్టాఫ్‌రూము దాకా మోసుకెళ్లాడు. ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలును నలుగురికీ చెప్పుకునే సాక్ష్యం వేళ, ఆ మోసుకెళ్లడం గురించి ఆయనే చెప్పి కన్నీళ్లు పెట్టుకున్నాడు.

అంత ఎత్తు లేపిన బండి పక్కకు వాలిందంటే నిలవదు. క్రిస్మస్ సెలవుల్లో బొల్లారం అవతలి రాళ్లగుట్ట మీద జీపులవాళ్లు పందెం పెట్టుకున్నారు. అడ్డంగా ఉన్న చిన్న ఏటవాలు దగ్గర, తక్కిన జీపులన్నీ దాటిన చోట, జకర్యా జీపు నెమ్మదిగా ఒరిగి పడుకుంది. ఆయన తుంటి విరిగింది. ఉక్కు ప్లేటు వేసి, కాలు ఇక పూర్తిగా వంగదన్నారు.

సంక్రాంతి సెలవులైపోయి బడి తెరవబోయే ముందు, తుకారాం ఇంటికి వచ్చాడు. జీపును బాగుచేశాడు గాని, ఎత్తు ఎంత ఉంచాలో తెలియలేదు. "సార్‌ను అడగాల్నా, మిమ్మల్ని అడగాల్నా టీచరమ్మా?" అన్నాడు.

"ఇద్దర్నీ," అంది దేవకృప. "షెడ్డుకే వస్తాం."

చంకకర్రల మీద జకర్యా, కడ్డీల బూటుతో దేవకృప, ఒకే ఆటోలో బోయిగూడ చేరారు. జకర్యాను చూడడానికి పేతురూ వచ్చాడు. పనివాళ్లు చుట్టూ చేరారు, శనివారం అలవాటు. పట్టీలను మళ్లీ ఇరుసు కిందికి మార్పించి, మొదటి వంపుకు తెప్పించింది దేవకృప. మూలన పడి ఉన్న పాత ఆరు-పదహారు టైర్లు బిగించమంది.

"ఎక్కండి," అంది భర్తతో.

జకర్యా చంకకర్ర పేతురుకిచ్చి, చట్రం పట్టుకుని, పళ్లు బిగబట్టి, ఎలాగో ఎక్కాడు. మొహం వెలిగింది. "అయితది తుకారాం! అయితది!"

"దిగండి," అంది. "తుకారాం, ఆ ఏడు-పదహారు వేయి."

తుకారాం ఒకసారి ఆమె వైపు చూసి జాకీ పెట్టాడు. టైర్లు మారాయి. ఒక అంగుళం. జకర్యా చెయ్యి వేశాడు. కాలు లేవలేదు. మళ్లీ ప్రయత్నించాడు. నుదుట చెమట పట్టింది.

"అన్నా," అన్నాడు పేతురు, చంకకర్రను ఊపుతూ, "జెండా తెచ్చినవా?"

షెడ్డంతా నవ్వింది. జకర్యా కూడా నవ్వబోయాడు. మొహం మాట వినలేదు.

దేవకృప ముందుకు వచ్చి చట్రం పట్టుకుంది. భుజాలు వణికాయి. ఎక్కింది. సీట్లో కూర్చుని చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"కృపా," అన్నాడు జకర్యా కింది నుంచి, నెమ్మదిగా. "ఆరు-పదహారే ఉండనీ. ఇద్దరం ఎక్కుతం."

ఎంత న్యాయమైన మాట అది! ఒక్క అంగుళం తగ్గిస్తే ఎవరికీ నష్టం లేదు. ఆ లెక్క ఆమెకు తెలియనిది కాదు.

"తుకారాం, సోమవారం నుంచి మీ బావమరిదిని డ్రైవరుగా పంపు. ప్రార్థన గంటకు నేను బడిలో ఉండాలి," అంది.

"టైర్లు?"

"ఏడు-పదహారే ఉంచు. ఆ పీటను జీపులో పెట్టకు."